‘తరవాత ఎవరు?’ అని అడగని అవిశ్వాసం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఎడిట్ పేజీలో ఐరోపా ఎన్నికల విధానాల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీతో, రెండోసారి ఎర్ర పెన్నుతో. రిటైరై పద్నాలుగేళ్లయినా సోషల్ మాస్టారి జబ్బు వదల్లేదు. వ్యాసకర్త మంచి మాటలే చాలా రాశారు. కానీ “యూరప్ విధానం” అంటూ ఏడెనిమిది చోట్ల ఏకవచనంలో వాడేశారు. అక్కడ అలాంటి ఒక్క విధానమంటూ లేదండీ. మన ఇళ్లల్లో ఆవకాయ లాంటిదే అది. పేరొక్కటే, ఏ ఇంటి పాళ్లు ఆ ఇంటివి. ఇంకో సంగతి కూడా ఉంది. వ్యాసం మొత్తం సీట్ల లెక్క చుట్టూనే తిరిగింది. ప్రభుత్వం ఎలా ఏర్పడుతుందో చెప్పారు గానీ ఎలా పడిపోతుందో ఒక్క ముక్కా చెప్పలేదు. నా ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తెనాలిలో కూర్చుని జర్మనీ కబుర్లేమిటని అడుగుతారు. 1983 నుంచి 2009 దాకా దాదాపు ప్రతి ఎన్నికకీ డ్యూటీ చేసినవాణ్ణి. మొదట ఓపీవోగా, అంటే మామూలు పోలింగ్ ఉద్యోగిగా, వేలికి సిరా పూశాను, తరవాత సహాయ అధికారిగా ఏపీవో, చివరి నాలుగు సార్లు బూత్‌కి పెద్దగా పీవో. డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో ఎండలో నుంచుని మెటీరియల్ లెక్క చూసుకోవడం, లారీ వెనక బ్యాలట్ పెట్టెల మీద కూర్చుని ఊరు చేరడం, బడిలో బల్లలు కలిపి వాటి మీద పడుకోవడం, పొద్దున్నే ఏజెంట్లకి ఖాళీ పెట్టె తిప్పి చూపించడం, సాయంత్రం లక్క కరిగించి సీలు వేస్తూ వేళ్లు కాల్చుకోవడం, ఇవన్నీ చేశాను. మా అమ్మాయి, అల్లుడు స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉంటారు. 2025 జనవరి నుంచి మార్చి దాకా నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. సరిగ్గా ఫిబ్రవరి 23న వాళ్ల పార్లమెంటు ఎన్నికలు వచ్చి పడ్డాయి. పాత డ్యూటీ మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

అక్కడ పోలింగ్ ఎప్పుడూ ఆదివారమే. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా. మా మనవడి బడిలోనే పోలింగ్ స్టేషన్ పెట్టారు. పౌరులు కానివాళ్లు ఓటు వెయ్యలేరు గానీ, పోలింగూ లెక్కింపూ బహిరంగమే, ఎవరైనా వెళ్లి చూడొచ్చని చట్టం. నేను నమ్మలేదు. ఐదున్నరకి మనవణ్ణి దుబాసీగా వెంటపెట్టుకుని వెళ్లాను. వాడికి పదకొండేళ్లు. గుమ్మం దగ్గర కానిస్టేబులు లేడు. వంద మీటర్ల సున్నం గీత లేదు. లోపల బల్ల వెనక ఆరుగురున్నారు, ఊరివాళ్లే. వాళ్లలో ఒకావిడ మా అమ్మాయి వాళ్ల పక్క వీధిలో బేకరీలో పనిచేస్తుందట. ఓటరు చేతికి సిరా లేదు. ఓటు వెయ్యడానికి స్వస్తిక్ ముద్ర లేదు, దారంతో కట్టిన పెన్సిలు ఉంది. పెన్సిలే! “చెరిపేస్తే?” అన్నాను. మనవడు ఆ బేకరీ ఆవిడని అడిగి వచ్చి, “ఎవరు చెరుపుతారు తాతయ్యా, అందరూ చూస్తున్నారుగా అంటోంది” అన్నాడు. ఇక పెట్టె సంగతి చెబితే మీరు నవ్వుతారు. అచ్చం మన మున్సిపాలిటీ చక్రాల చెత్తడబ్బా. కొత్తది, శుభ్రమైనదే, మూత మీద సన్నటి చీలిక పెట్టి తాళం వేశారు.

ఆరింటికి తలుపులు మూశారు. మూసిన తలుపులు మళ్లీ తెరిచారు, లెక్కింపు చూడాలనుకునేవాళ్ల కోసం. డబ్బా బల్ల మీద బోర్లించారు. ముందు కాగితాలు విప్పకుండానే లెక్కపెట్టి, ఓటర్ల జాబితాలో టిక్కులతో సరిచూసుకున్నారు. అక్కడిదాకా మా పద్ధతే. ఆ తరవాతే నా కళ్లు విప్పారాయి. బ్యాలట్ మీద రెండు వరసలున్నాయి. ఎడమ వైపు నల్ల అక్షరాల్లో అభ్యర్థుల పేర్లు. కుడి వైపు నీలం అక్షరాల్లో పార్టీల పేర్లు. ఒక్కొక్కరికి రెండు ఓట్లు. ఎడమ ఓటు నియోజకవర్గంలో మనిషికి, కుడి ఓటు పార్టీకి. పార్లమెంటులో ఏ పార్టీకి ఎన్ని సీట్లో తేల్చేది కుడి ఓటే. రెండూ ఒకే పార్టీకి పడ్డ కాగితాలు ఒక కుప్ప, మనిషి ఒకరు పార్టీ ఇంకొకటి అయినవి ఇంకో కుప్ప, అనుమానం ఉన్నవి మూడో కుప్ప. ఈ మూడో కుప్ప మీద ఆరుగురూ తలలు దగ్గరపెట్టి ఒక్కొక్క కాగితం మీద చేతులెత్తి నిర్ణయించారు. ఒకాయన పార్టీ పేరు పక్కన గుండె బొమ్మ గీశాడు. చెల్లుతుందా చెల్లదా అని ఐదు నిమిషాలు. నా చేతులు ఊరుకోలేదు, ఆ కాగితం చూడాలని ముందుకు వంగాను. బేకరీ ఆవిడ నా వైపు కాగితం తిప్పి పట్టుకుని చూపించింది. నలభై ఏళ్ల కిందట నాకు డ్యూటీ నేర్పిన హెడ్మాస్టారు గుర్తొచ్చారు.

అక్కడ ఓటింగ్ యంత్రాలు లేవా అంటే, 2005 ఎన్నికల్లో కొన్నిచోట్ల వాడారు. 2009 మార్చిలో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాడకం రాజ్యాంగ విరుద్ధమంది. యంత్రాల్లో మోసం జరిగిందని కాదు. ప్రత్యేక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు లెక్కింపుని తన కళ్లతో సరిచూసుకోగలగాలి, ఆ యంత్రాలతో అది కుదరదు అని. మన ఈవీఎంల గురించి ఇక్కడ తగువు పెట్టను. అరవై కోట్లకి పైగా ఓట్లు లెక్కపెట్టే దేశానికి, ఆ చక్రాల డబ్బాల దేశానికి పోలిక కాదు.

ఇక సీట్ల లెక్క. ఇందులో వ్యాసకర్తతో నాకు పెద్ద పేచీ లేదు. మన అంకెలే చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 175కి 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్ల నిష్పత్తిని బట్టి ఇస్తే రెండు పార్టీలకీ 68, 69 వచ్చేవి. ఈ రెండు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపిస్తే మా వీధి చివర టీకొట్టు దగ్గర రెండు పార్టీలవాళ్లూ కాసేపు మాట్లాడలేదు. ఎవరి ఏడుపు వాళ్లకి న్యాయమే, ఎదుటివాడి ఏడుపే వింత. ఇది మన దౌర్భాగ్యం మాత్రమే కాదు. అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే ఈ పద్ధతి మనకి అంటగట్టిన బ్రిటన్‌లో 2024 జులైలో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు గెలిచింది. 14.3 శాతం వచ్చిన రిఫార్మ్ పార్టీకి 5 సీట్లు, 12.2 శాతం వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకి 72. ఓట్లు తక్కువ, సీట్లు పద్నాలుగింతలు. మరి బ్రిటన్ జనం మార్చుకోమన్నారా? 2011లో పద్ధతి కొంచెం మార్చుదామా అని రెఫరెండం పెడితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు.

అయితే జర్మనీ లెక్క మాత్రం నీళ్లలా తేటగా ఉందనుకోకండి. అక్కడ 5 శాతం గడప ఉంది. అది దాటని పార్టీకి మామూలుగా సీట్లు లేవు. ఈసారి సారా వాగెన్‌క్నెక్ట్ పెట్టిన కొత్త పార్టీకి 4.98 శాతం వచ్చింది. పదివేల లోపు ఓట్ల తేడాతో మొత్తం పార్టీ గుమ్మం బయట ఉండిపోయింది. గడప దాటని పార్టీలన్నిటి ఓట్లూ కూడితే దాదాపు 14 శాతం. అవన్నీ గంగపాలే. ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. సభ ఉబ్బిపోతోందని 2023లో చట్టం మార్చి 630 సీట్ల దగ్గర కట్టడి చేశారు. దాంతో పార్టీకి రావాల్సిన వాటాకన్నా ఎక్కువ నియోజకవర్గాలు గెలిస్తే, తక్కువ శాతంతో గెలిచినవాళ్లు సభలోకి రాలేరు. ఈసారి 23 మంది గెలిచి కూడా ఇంట్లో కూర్చున్నారు! మన దగ్గర అలా జరిగితే ఆ నియోజకవర్గంలో బస్సులు తిరుగుతాయా?

సరే, నా అసలు మాట.

ఫిబ్రవరిలో అసలు ఆ ఎన్నిక ఎందుకొచ్చింది? టైముకి అయితే 2025 సెప్టెంబరులో రావాలి. ఛాన్సలర్, అంటే వాళ్ల ప్రధాని, ఓలాఫ్ షోల్జ్ మూడు పార్టీల కూటమి నడిపాడు. బడ్జెట్ గొడవల్లో 2024 నవంబరు 6న ఆర్థికమంత్రి క్రిస్టియన్ లిండ్‌నర్‌ని తీసేశాడు, ఆ పార్టీ కూటమి వదిలేసింది, మెజారిటీ పోయింది. మన దగ్గరైతే మర్నాడే ప్రతిపక్షం అవిశ్వాసం పెట్టేది, రెండో రోజుకి రిసార్టులు నిండేవి. అక్కడ అది కుదరదు. వాళ్ల రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం, ఛాన్సలర్ మీద అవిశ్వాసం చెప్పాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ని మెజారిటీతో ఎన్నుకోవాలి. “నువ్వు దిగు” అనడం చాలదు, “ఫలానా ఆయన ఎక్కాలి” అని చెప్పాలి. చెప్పలేకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. షోల్జ్ తానే డిసెంబరు 16న విశ్వాస తీర్మానం పెట్టుకుని, కావాలనే ఓడిపోయి, ఆ దారిలో ఎన్నిక తెచ్చుకున్నాడు. కొత్తాయన వచ్చేదాకా, అంటే 2025 మే 6 దాకా, ఆయనే కొనసాగాడు.

ఈ రూలు ఎవరో పండితుడికి కలలో రాలేదు. ఒళ్లు కాలి రాసుకున్నది. హిట్లర్‌కి ముందు వాళ్లకున్న వైమర్ రాజ్యాంగంలో నిష్పత్తి లెక్క ఉంది, గడప లేదు, ఎవరి మీదైనా ఎవరైనా కలిసి అవిశ్వాసం చెప్పొచ్చు. 1932 సెప్టెంబరు 12న ఏమైందో మా టెన్త్ పిల్లలకి నేను నాటకంలా చెప్పేవాణ్ణి. సభలో కమ్యూనిస్టులు అప్పటి ఛాన్సలర్ పాపెన్ ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. నాజీలు దానికి ఓటేశారు. పాపెన్ సభ రద్దు ఉత్తర్వు చేతిలో పట్టుకుని లేచాడు. స్పీకర్ స్థానంలో ఉన్న నాజీ నాయకుడు గోరింగ్ ఆయన వైపు తల తిప్పకుండా ఓటింగ్ కానిచ్చాడు. 512 మంది వ్యతిరేకం, 42 మంది అనుకూలం. ఆ 512 మందిలో కమ్యూనిస్టులూ నాజీలూ వీధుల్లో ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు. కూల్చడానికి కలిశారు, కట్టడానికి కలిసే ప్రశ్నే లేదు. నాలుగు నెలలు తిరిగి 1933 జనవరి 30 వచ్చేసరికి హిట్లర్ ఛాన్సలర్. అవిశ్వాసం ఒక్కటే కారణమంటే అబద్ధం అవుతుంది. అధ్యక్షుడి అత్యవసర అధికారాలు, నిరుద్యోగం, ఇంకా చాలా ఉన్నాయి. కానీ 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ ‘కూల్చే మెజారిటీ’ వాళ్ల కళ్లముందు ఆడింది.

రూలు పుట్టాక ఎన్నిసార్లు వాడారు? కేంద్రంలో రెండే రెండుసార్లు. 1972 ఏప్రిల్ 27న ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మీద ప్రతిపక్ష నాయకుడు రైనర్ బార్జెల్ పోటీకి దిగాడు. 249 కావాలి, 247 వచ్చాయి. బార్జెల్ పార్టీ సభ్యుడొకాయన తాను 50 వేల మార్కులు పుచ్చుకున్నానని మరుసటి ఏడాది ఒప్పుకున్నాడు. సభ్యుల కొనుగోళ్లు మన సొంత కనిపెట్టుడు అనుకుని ఇన్నాళ్లూ తెగ సిగ్గుపడ్డాను, కాస్త ఊరట. రెండోసారి 1982 అక్టోబరు 1. హెల్ముట్ ష్మిట్ దిగాడు, హెల్ముట్ కోల్ 256 ఓట్లతో ఎక్కాడు. కుర్చీ మారడానికి ఎన్నిక అక్కర్లేకపోయింది, ఆపద్ధర్మ ప్రభుత్వం అక్కర్లేకపోయింది. ఆ కోల్ పదహారేళ్లు ఉన్నాడు.

స్పెయిన్ ఈ రూలు 1978 రాజ్యాంగంలో జర్మనీ నుంచి తెచ్చుకుంది. 2018 జూన్ 1న మరియానో రహోయ్ అవినీతి కేసు తీర్పు దెబ్బకి దిగిపోయాడు, పెద్రో సాంచెజ్ 180 ఓట్లతో అదే ఓటులో ప్రధాని అయ్యాడు. ముందురోజు మధ్యాహ్నం సభలో చర్చ నడుస్తుంటే రహోయ్ గారు బయట ఒక రెస్టారెంట్లో గంటల తరబడి కూర్చుండిపోయారు. ఖాళీ ప్రధాని కుర్చీలో ఉపప్రధాని హ్యాండ్‌బ్యాగు పెట్టింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అధికారం చేతులు మారిన సంగతి ఇంత మామూలుగా చూపించిన ఫొటో నాకు ఇంకోటి తెలీదు.

రూలు లేని చోట ఏమవుతుందో ఫ్రాన్స్‌ని చూడండి. నిష్పత్తి పద్ధతి వల్లే అస్థిరత అని వాదించేవాళ్లు ఫ్రాన్స్ దగ్గర తడబడతారు, ఎందుకంటే అక్కడ ఎంపీల ఎన్నిక నియోజకవర్గాల వారీగా, రెండు రౌండ్లలో జరుగుతుంది. డిగాల్ 1958లో ఐదో రిపబ్లిక్, అంటే ఇప్పటి రాజ్యాంగ వ్యవస్థ, కట్టించిందే గట్టి ప్రభుత్వాల కోసం. 2024 జూన్‌లో అధ్యక్షుడు మాక్రాన్ సభ రద్దు చేశాడు, జులై 7కి మూడు ముక్కల సభ వచ్చింది. సెప్టెంబరులో మిషెల్ బార్నియే ప్రధాని. డిసెంబరు 4న 331 ఓట్లతో అవిశ్వాసం. ఓటేసినవాళ్లలో వామపక్ష కూటమీ ఉంది, దానికి పూర్తి ఎదురుగా ఉండే మరీన్ ల పెన్ తీవ్ర మితవాద పార్టీ కూడా ఉంది. ఒకరి పక్కన ఒకరు నిలబడి ఫొటో కూడా దిగరు. తరవాత ఫ్రాంస్వా బైరూ వచ్చాడు, 2025 సెప్టెంబరు 8న తానే పెట్టుకున్న విశ్వాస ఓటులో 364 – 194తో పడ్డాడు. మీకు 1932 గుర్తు రావడంలేదా? నాకు వస్తోంది. ఫ్రాన్స్‌లో హిట్లర్ వస్తాడని కాదు. కలిసి పాలించలేనివాళ్లు కలిసి కూల్చగలిగే సభ ఎలా ఉంటుందో అని.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1999 ఏప్రిల్ 17. లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269 – 270తో పడిపోయింది. ఆ రోజు మా స్టాఫ్‌రూములో రేడియో పెట్టుకుని విన్నాం. ఒక్క ఓటు! పడేసిన 270 మంది “తరవాత ఎవరు?” అన్నదానికి జవాబు చెప్పక్కర్లేకపోయింది. చెప్పాలని రూలు లేదు. నాలుగు రోజుల తరవాత సోనియా గాంధీ తనకి 272 మంది ఉన్నారన్నారు, ములాయం కుదరదన్నారు, లెక్క తేలలేదు. 26న సభ రద్దు. ఆ వేసవిలో కార్గిల్ యుద్ధం ఆపద్ధర్మ ప్రభుత్వంతో నడిపాం. అక్టోబరులో మళ్లీ ఆయనే ప్రధాని. అంటే ఒక్క ఓటు తేడాతో పడేసి, దేశమంతా ఎన్నిక పెట్టి, ఆరు నెలలు తిరిగి అక్కడికే వచ్చాం.

నా మటుకు నాకు ఆ ఎన్నిక లెక్క కాదు, నడుము. 1998 ఫిబ్రవరిలో డ్యూటీ చేసి, మళ్లీ 1999 సెప్టెంబరులో. రెండోసారి అసెంబ్లీ, లోక్‌సభ కలిపి. అంటే రెండు రంగుల బ్యాలట్లు, రెండు పెట్టెలు, రెండు లెక్కలు. నాకు పడ్డ ఊరు కాలవ అవతల. వాన పడి రోడ్డు తెగింది. పెట్టెలు ట్రాక్టరు మీద వేసుకుని, పైన పరదా కప్పి, మేము తడుస్తూ వెళ్లాం. మాతో వచ్చిన ఓపీవో కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, దారంతా ఒకే మాట అడిగాడు: “మాస్టారూ, పోయినేడాదేగా వేశారు, మళ్లీ ఎందుకండీ?” ఆ ప్రశ్నకి నాలో ఉన్న సోషల్ మాస్టారు పావుగంట పాఠం చెప్పాడు. చెప్పిన పాఠం నాకే అతకలేదు. ఆ రోజుకి 67వ అధికరణం నాకు పుస్తకంలో ఒక లైను మాత్రమే. ఫిబ్రవరిలో ఆ బడి గదిలో నుంచున్నప్పుడు ఆ కుర్రాడికి జవాబు దొరికింది. ఇరవై ఆరేళ్లు ఆలస్యం.

ఇంతకీ ఈ సలహా విదేశీ వ్యామోహం కాదు. మన తెలుగువాడే, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షుడిగా లా కమిషన్ 1999 మేలో, అంటే ఆ ఒక్క ఓటు పడిన మర్నెల్లోనే, 170వ నివేదిక ఇచ్చింది. అందులో జర్మనీ నమూనాలు రెండూ ఉన్నాయి. లోక్‌సభలో సీట్లు 25 శాతం పెంచి, ఆ పెంచిన వాటిని పార్టీల ఓట్ల నిష్పత్తిలో జాబితా ద్వారా నింపమన్నారు, 5 శాతం గడపతో సహా. అవిశ్వాసం పెట్టేవాళ్లు ప్రత్యామ్నాయం కూడా చూపాలని సభ నియమాల్లో చేర్చమన్నారు. ఆ నివేదిక గురించి మీ వ్యాసకర్త ఒక్క మాటా రాయలేదు. బెర్లిన్ దాకా వెళ్లినాయన మధ్యలో మన ఢిల్లీలో ఆగి ఉంటే బాగుండేది.

నాకే వ్యతిరేకంగా కొన్ని మాటలు నేనే చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో ఉత్తరం రాస్తారు. మన దగ్గర అసలు జబ్బు 1984 ఆగస్టు కదా అంటారు. నిజమే. గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టినప్పుడు అసెంబ్లీలో అవిశ్వాసమే జరగలేదు. ఎమ్మెల్యేలు కర్ణాటక వెళ్లి క్యాంపులో ఉండాల్సి వచ్చింది, నెలరోజుల తరవాత సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. మా స్కూలు పిల్లలు ఆ నెలంతా బడికి రాలేదు, వచ్చినవాళ్లకి పాఠం చెప్పే ఓపిక మాకూ లేదు. ఆ జబ్బుకి 67వ అధికరణం మందు కాదు. బలం సభలోనే తేలాలని 1994లో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది, దానికి మందు అదే. ఒక్క చీటీతో అన్ని రోగాలూ పోవు.

రెండోది, ఈ రూలు ఉంటే పనికిమాలిన ప్రభుత్వం కూడా కుర్చీకి అతుక్కుంటుందంటారు. అదీ నిజమే. బిల్లులు నెగ్గని ఛాన్సలర్ ఉన్నా దించలేకపోవచ్చు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్ చెప్పింది కూడా దీని గురించే. ప్రభుత్వానికి స్థిరత్వం ఎక్కువా, జవాబుదారీతనం ఎక్కువా అని తూచి, అమెరికా, స్విట్జర్లాండ్ పద్ధతుల్లో స్థిరత్వం ఎక్కువ, పార్లమెంటరీ పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ, మనం రెండోదాన్ని ఎంచుకున్నాం అన్నారాయన. ఆయన మాటకి నేను ఎదురు చెప్పేంతవాణ్ణి కాను. కాకపోతే “దించు” అనేవాడు “ఎక్కించు” కూడా అంటే జవాబుదారీతనం తగ్గుతుందా? కూల్చేవాడికి కూడా కొంత జవాబుదారీతనం అంటుతుంది, అంతే.

మూడోది, అరువు తెచ్చుకున్న వస్తువు మన ఇంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పలేం. హంగరీలో కూడా ఓటరుకి రెండు ఓట్లే. చూడ్డానికి జర్మనీకి పినతల్లి కూతురిలా ఉంటుంది. కానీ కూర్పు వేరు. 2014లో అప్పటి ప్రధాని ఓర్బాన్ పార్టీకి జాబితా ఓట్లలో 45 శాతం లోపే వచ్చాయి, 199లో 133 సీట్లు వచ్చాయి, సరిగ్గా మూడింట రెండొంతులు. ఇటు బెల్జియం చూస్తే, 2010 జూన్‌లో ఎన్నికలు పెట్టి 541 రోజుల తరవాత ప్రభుత్వం తెచ్చుకుంది. మధ్యలో రికార్డు దాటినందుకు కుర్రాళ్లు వీధుల్లో బంగాళాదుంప వేపుళ్లు ఉచితంగా పంచారు. నెదర్లాండ్స్‌లో దేశమంతా ఒకే నియోజకవర్గం, 150 సీట్లు, ఒక శాతం ఓట్లయినా అక్కర్లేకుండా సీటొస్తుంది. 2021లో 17 పార్టీలు గెలిచాయి, ప్రభుత్వం రావడానికి 299 రోజులు పట్టింది. ఆ 299 రోజులూ రైళ్లు నడిచాయి, జీతాలు అందాయి. మన దగ్గర మంత్రి లేకపోతే బదిలీ ఫైలు కదలదు. అందుకే సీట్ల లెక్క దిగుమతి చేసుకునే ముందు నేను పదిసార్లు ఆలోచిస్తాను, అవిశ్వాసం రూలు దగ్గర మాత్రం అంత ఆలోచించను. దానికి బ్యాలట్ మార్చక్కర్లేదు, నియోజకవర్గం గీతలు మార్చక్కర్లేదు. ముందు సభ నియమావళిలో ఒక్క నియమంతో మొదలుపెట్టొచ్చు.

కొత్త ఛాన్సలర్‌గా మెర్జ్‌ని జర్మనీ సభ ఎన్నుకోవాల్సిన మే 6న మేము తెనాలిలోనే ఉన్నాం. మధ్యాహ్నం మనవడు వీడియో కాల్ చేశాడు, బడి ఇంకా వదలకముందే. “తాతయ్యా, మెర్జ్ ఫెయిలయ్యాడు!” అన్నాడు, పరీక్ష ఫలితాలు చెప్పినట్టు. కూటమికి 328 మంది ఉన్నారు, 316 కావాలి, రహస్య ఓటింగులో 310 వచ్చాయి. సొంతవాళ్లే పద్దెనిమిది మంది కలిసిరాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అలా మొదటి ఓటులో ఓడిన ఛాన్సలర్ అభ్యర్థి ఇంకొకరు లేరు. నేను అలవాటుకొద్దీ, “క్యాంపు ఎక్కడ పెట్టారురా?” అన్నాను. వాడికి అర్థం కాలేదు. “క్యాంపింగా? ఇప్పుడు సెలవులు లేవుగా” అన్నాడు. సాయంత్రానికి రెండో ఓటులో 325తో గెలిచాడు. ఆ పద్దెనిమిది మంది ఎవరో ఈ రోజుకీ ఎవరూ తేల్చలేదు.

చివరగా మీ పత్రికకి ఒక చిన్న కోరిక. 2024 జూన్ 5 నాటి మీ మొదటి పేజీ కటింగ్ నా దగ్గరుంది, 2019 మే 24 నాటిది కూడా. రెండిట్లోనూ సీట్ల అంకెలు అరచేతి మందాన వేశారు. ఓట్ల శాతం వెతికితే ఒకసారి తొమ్మిదో పేజీలో కింద దొరికింది, రెండోసారి అసలు దొరకలేదు. మళ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చినప్పుడు సీట్ల పక్కనే, అదే సైజు అక్షరాల్లో, ఓట్ల శాతం కూడా వెయ్యండి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మీ డెస్కులో రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లు ఒప్పుకుంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ మాస్టారు,
తెనాలి.